16 హైడ్రోఫోన్ల వరస అర్రే: పక్కకు జారే దొంగ శిఖరం, 0° దగ్గర చెరగని గీత, ఎమ్‌వీడీఆర్‌లో మాయమయ్యే సోర్స్

కొత్తచెవి16

అందరికీ నమస్కారం. వినడానికి మాత్రమే, అంటే పాసివ్‌గా వాడే వరస అర్రే (ఒకే గీతలో పేర్చిన హైడ్రోఫోన్లు, అంటే నీటిలో ధ్వని వినే మైకులు) ఒకటి మంచినీళ్ల తొట్టిలో పరీక్షిస్తున్నాం. అమరిక ఇదీ.

హైడ్రోఫోన్లు 16, ఎడం 5 సెం.మీ. మొదటిదాని నుంచి చివరిదాకా 75 సెం.మీ. వాటిని రెండు చివరలా మూత బిగించిన పీవీసీ పైపుకి క్లిప్పులతో పెట్టాం, పైపు గోడకీ హైడ్రోఫోన్‌కీ మధ్య సుమారు 1 సెం.మీ. ఖాళీ. నాలుగేసి చానెళ్ల ఏడీసీ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే) బోర్డులు 4, అన్నిటికీ ఒకే క్లాక్. శాంప్లింగ్ 96 కిలోహెర్ట్జ్, పని చేయాల్సిన బ్యాండ్ 2 నుంచి 20 కిలోహెర్ట్జ్. ధ్వని వేగం 1500 మీ./సె. అనుకున్నాం. తొట్టి లోతు 4 మీ., వెడల్పు 6 మీ. అర్రే, సోర్స్ రెండూ 2 మీ. లోతులో, మధ్య దూరం 3 మీ. సోర్స్ కదలదు, అర్రేని తిప్పుతాం.

బీమ్‌ఫార్మింగ్ (చానెళ్లని కలిపి ధ్వని ఏ దిక్కు నుంచి వస్తోందో తేల్చడం) టైమ్ డొమైన్‌లో డిలే అండ్ సమ్, అంటే ఒక్కో చానెల్‌ని తగినంత ఆలస్యం చేసి కూడటం. అర్రేకి లంబ దిక్కు 0°. డిలేని దగ్గరి శాంపిల్‌కి రౌండ్ చేస్తున్నాం. హామింగ్ వెయిట్లు (మధ్య హైడ్రోఫోన్లకి ఎక్కువ, చివరవాటికి తక్కువ). సమస్యలు ఇవి:

1) సోర్స్ 45° దగ్గర ఉంటే 15 కిలోహెర్ట్జ్ దాకా బాగుంది. 18 దాటాక అవతలి పక్క ఇంకో శిఖరం లేస్తోంది. 20 దగ్గర అది −52° చుట్టూ, దాదాపు అసలు శిఖరమంత ఎత్తు.

2) సోర్స్ ఆపేసినా 0° దగ్గర ఒక గీత పోదు.

3) హామింగ్ వేసినా సైడ్‌లోబ్‌లు (అసలు శిఖరం పక్కన వచ్చే చిన్న శిఖరాలు) −11 డీబీ దగ్గరే ఆగిపోతున్నాయి. అర్రే ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఆకారం మారుతోంది.

4) ఎమ్‌వీడీఆర్ (డేటాని బట్టి వెయిట్లు తానే ఎంచుకునే బీమ్‌ఫార్మర్) వేస్తే సోర్స్ ఉన్న చోట శిఖరం రావడానికి బదులు గుంట పడుతోంది. ఎఫ్ఎఫ్‌టీ (ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) 1024 శాంపిళ్లు, స్నాప్‌షాట్లు (సగటుకి వాడే బ్లాకులు) 20. మామూలు బీమ్‌ఫార్మర్‌లో 45° సోర్స్‌తో పాటు 25° దగ్గర చిన్న గుట్ట కూడా ఉంది, అది దేనిదో తెలీదు.

అల్గారిదమ్ మార్చాలా, అర్రేనే మళ్లీ కట్టాలా?

సగంలామ్డా

అల్గారిదమ్ జోలికి ఇప్పుడే పోవద్దు. మీ నాలుగు సమస్యల్లో మొదటి మూడు జామెట్రీదీ, కరెంటు గోలదీ, చానెళ్ల మధ్య టైమింగ్‌దీ. వాటిని వదిలేసి ఎమ్‌వీడీఆర్ సరిచేయాలని చూస్తే రోజులు పోతాయి తప్ప పని జరగదు.

మొదటిది గ్రేటింగ్ లోబ్, ఎడం ఎక్కువైతే వేరే కోణంలో పుట్టే నకలు శిఖరం. 5 సెం.మీ. ఎడం 15 కిలోహెర్ట్జ్‌కి సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం. పైకి వెళ్తే ఎడం ఎక్కువైపోతుంది. లెక్క సులువు: దొంగ శిఖరం కోణపు సైన్ అంటే అసలు కోణపు సైన్‌లోంచి, తరంగదైర్ఘ్యాన్ని ఎడంతో భాగిస్తే వచ్చేది తీసేయడమే. 20 కిలోహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం 7.5 సెం.మీ., ఎడంతో భాగిస్తే 1.5. సైన్ 45° అంటే 0.707. తీసేస్తే −0.793, అంటే −52.5°. మీరు చూసింది అదే. 18లో ఇదే లెక్క −74° దగ్గరికి తెస్తుంది. 17.6 కిలోహెర్ట్జ్ దగ్గర −90°లో మొదలై, ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ లోపలికి జారుతుంది.

ఆ జారడమే దాన్ని పట్టిస్తుంది. నిజమైన సోర్స్ ఏ ఫ్రీక్వెన్సీలో చూసినా ఒకే కోణంలో ఉంటుంది. ఫ్రీక్వెన్సీ ఒక అక్షం, కోణం ఒక అక్షం పెట్టి బొమ్మ గీయండి. నిజమైనది నిలువు గీత, దొంగది వంపు గీత. బ్రాడ్‌బ్యాండ్ సోర్స్ అయితే ఫ్రీక్వెన్సీలన్నీ కలిపి పవర్ కూడినప్పుడు దొంగది పలచబడి పరుచుకుపోతుంది. ఒకే టోన్ అయితే ఏ వెయిటింగూ కాపాడదు, అది సైడ్‌లోబ్ కాదు, మెయిన్‌లోబ్ నకలు. 20 దాకా అన్ని కోణాలూ కావాలంటే ఎడం 3.75 సెం.మీ. ఉండాలి. లేదా 20 కిలోహెర్ట్జ్‌లో ±30° లోపలే చూస్తామని ఒప్పుకోండి.  30° బయట గట్టి సోర్స్ ఉన్నా దాని నకలు కూడా 30° బయటే పడుతుంది.

రెండోది, 0° గీత. నీటిలోంచి వచ్చేది కాదని నా అనుమానం. అన్ని చానెళ్లలోకీ ఒకేసారి దూరే కరెంటు గోలకి చానెల్‌కీ చానెల్‌కీ డిలే ఉండదు. డిలే సున్నా అంటే బీమ్‌ఫార్మర్ లెక్కలో అది 0° నుంచి వచ్చినట్టే. పరీక్ష: హైడ్రోఫోన్లు విప్పి, ప్రీయాంప్ ఇన్‌పుట్‌లకి హైడ్రోఫోన్‌కి సమానమైన కెపాసిటర్లు పెట్టండి. ఊరికే షార్ట్ చేస్తే చాలదు, ఇన్‌పుట్ ఇంపీడెన్స్ పడిపోయి పికప్ దాక్కుంటుంది. కెపాసిటర్లతో కూడా గీత ఉంటే అది పవర్ సప్లై స్విచింగ్ గోలో, షీల్డ్ రెండు చివరలా గ్రౌండ్ అవడం వల్ల ఏర్పడిన లూపో. బ్యాటరీ మీద నడపండి, షీల్డ్‌ని ఒక్క చివరే కట్టండి, ప్రీయాంప్ నుంచి ఏడీసీకి డిఫరెన్షియల్‌గా తీసుకెళ్లండి. సాఫ్ట్‌వేర్‌లో 16 చానెళ్ల సగటు తీసి అన్నిట్లోంచీ తీసేసే చిట్కా మాత్రం వద్దు. గీత పోతుంది, దాంతో పాటు 0° దగ్గరి నిజమైన సోర్స్ కూడా పోతుంది.

మూడోది అసలైన తలనొప్పి. ఒకే క్లాక్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నట్టున్నారు. క్లాక్ ఒకటే అయితే బోర్డులు ఒకదానికొకటి దూరం జరగవు, అంతే. అవన్నీ ఒకే శాంపిల్ దగ్గర మొదలయ్యాయని దానర్థం కాదు. ఒక్క శాంపిల్ తేడా 10.4 మైక్రోసెకన్లు, 15 కిలోహెర్ట్జ్‌లో 56° ఫేజ్. ఒక బోర్డులోని నాలుగు చానెళ్లు 56° పక్కకుంటే, వెయిటింగ్ లేకుండా లెక్కేసినా, మెయిన్‌లోబ్ కంటే 12 డీబీ మాత్రమే కింద ఒక వెడల్పాటి తప్పుడు బీమ్ పుడుతుంది. మధ్య బోర్డు అయితే హామింగ్‌లో దాని వెయిటు ఎక్కువ, ఇంకా పైకి వస్తుంది. ఆన్ చేసిన ప్రతిసారీ ఆకారం మారుతోందన్నారు, అందుకే ఇంత ధీమాగా చెబుతున్నా.

పరీక్ష: ఒకే సిగ్నల్‌ని, చిర్ప్ (ఫ్రీక్వెన్సీ మారుతూ పోయే సిగ్నల్) అయితే మంచిది, 16 ఏడీసీ ఇన్‌పుట్‌లకీ ఒకేసారి ఇవ్వండి. 1వ చానెల్‌తో మిగతావాటి క్రాస్ కోరిలేషన్ (రెండు సిగ్నళ్లు ఎంత జరిపితే సరిపోతాయో చూసే లెక్క) శిఖరం ఎక్కడ పడుతుందో చూడండి. పది సార్లు ఆపి ఆన్ చేసి రాసుకోండి.

రౌండింగ్ సంగతి కూడా. 96 కిలోహెర్ట్జ్‌లో అర శాంపిల్ దాకా తప్పు అంటే 15 కిలోహెర్ట్జ్‌లో 28° దాకా, ఆర్ఎమ్ఎస్ 16°. యాదృచ్ఛిక ఫేజ్ తప్పు వల్ల సైడ్‌లోబ్‌ల అడుగు సుమారుగా, రేడియన్లలో తప్పు వర్గాన్ని 16తో భాగించినంత. 16°కి అది −23 డీబీ. −33 డీబీ కావాలంటే తప్పు 5° లోపు ఉండాలి. అంటే రౌండ్ చేస్తూ హామింగ్ లాంటి 40 డీబీ విండో వేయడం వల్ల బీమ్ వెడల్పు అవడం తప్ప ఒరిగేదేమీ లేదు. హామింగ్ బీమ్‌ని దాదాపు ఒకటిన్నర రెట్లు చేస్తుంది. 30 డీబీ డాల్ఫ్ చెబిషెవ్ వెయిట్లయితే వెడల్పు 15 శాతం పెరిగి ఊరుకుంటుంది, 16 హైడ్రోఫోన్లకి అదే నా ఓటు.

ఫ్రీక్వెన్సీ డొమైన్‌కి మారండి. ధ్వని అర్రే పొడవునా ప్రయాణించడానికి పట్టేది 0.5 మిల్లీసెకను, అంటే 48 శాంపిళ్లు. 1024 బ్లాక్ 10.7 మిల్లీసెకన్లు, బిన్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ గడి) 93.75 హెర్ట్జ్. బిన్ వెడల్పుని ప్రయాణ కాలంతో గుణిస్తే 0.047, ఒకటికి చాలా దిగువన ఉంది కాబట్టి బిన్‌కొక ఫేజ్ గుణకం చాలు. హాన్ విండో, సగం ఓవర్‌ల్యాప్. బీమ్‌లని కోణంలో సమానంగా కాక సైన్‌లో సమానంగా పంచండి. −1 నుంచి 1 దాకా 64 చాలు.

కొత్తచెవి16

చాలా థ్యాంక్సండీ. చిర్ప్ పరీక్ష చేశాం. 1 నుంచి 8, 13 నుంచి 16 చానెళ్లు ఎప్పుడూ సున్నా తేడా. 9 నుంచి 12 ఒక్కోసారి 0, ఎక్కువసార్లు 1, రెండుసార్లు 2 శాంపిళ్లు. అంటే మూడో బోర్డు. దాని సింక్ పిన్‌ని మిగతావాటితో కలిపిన వైరు సాకెట్‌లో వదులుగా ఉంది. బిగించాక పది సార్లూ సున్నా.

కెపాసిటర్లు పెడితే 0° గీత అలాగే ఉంది. బ్యాటరీ మీద నడిపితే 14 డీబీ తగ్గింది, మిగతాది షీల్డ్ సంగతి చూడాలి.

ఫ్రీక్వెన్సీ డొమైన్‌కి మారాక సైడ్‌లోబ్‌లు −17 దగ్గరికి దిగి అక్కడ ఆగాయి. చెబిషెవ్ 30 వేసినా అంతే. ఇంకా ఎక్కడుంది లోపం?

తొట్టికాపరి

−17 అనే అంకె చూడగానే ఒక హైడ్రోఫోన్ పోలారిటీ తిరగబడిందేమో అనిపిస్తోంది. 16లో ఒకటి తలకిందులైతే కూడిక 14కి పడుతుంది, 2 యూనిట్ల తప్పు ఒకే హైడ్రోఫోన్ నుంచి అన్ని దిక్కులకీ పరుచుకుంటుంది. 14లో 2 అంటే −17 డీబీ. మెయిన్‌లోబ్ తగ్గేది 1.2 డీబీయే కాబట్టి ఎవరూ గమనించరు. ఒక హైడ్రోఫోన్ పూర్తిగా చచ్చిపోతే అడుగు −23.5 దగ్గర ఆగుతుంది, అంటే తిరగబడినది చచ్చినదానికన్నా చెడ్డది. ఇవి సమాన వెయిట్ల లెక్కలు. చెబిషెవ్‌లో ఆ హైడ్రోఫోన్ మధ్యలో ఉంటే ఇంకాస్త పైకి, చివర ఉంటే కిందికి మారుతుంది.

చిర్ప్‌ని ఏడీసీకి నేరుగా ఇచ్చారు కాబట్టి ఇది అందులో కనబడదు. నీటిలోనే చూడాలి. తేడా తెలుసుకునే పద్ధతి: డిలే లోపమైతే ఫేజ్ తప్పు ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, 2 కిలోహెర్ట్జ్‌లో 7.5° ఉన్నది 15లో 56° అవుతుంది. పోలారిటీ లోపమైతే ఏ ఫ్రీక్వెన్సీలోనైనా 180°.

ఇక మీ తొట్టి. 3 మీటర్ల దగ్గర అర్రేకి సమతల తరంగం చేరదు. 75 సెం.మీ. అర్రేకి 15 కిలోహెర్ట్జ్‌లో ఫార్ ఫీల్డ్ మొదలయ్యేది 11 మీ. అవతల. 3 మీ. దగ్గర బ్రాడ్‌సైడ్‌లో (అర్రేకి లంబంగా), మధ్య భాగంతో పోలిస్తే చివరి హైడ్రోఫోన్‌కి ధ్వని 2.3 సెం.మీ. ఎక్కువ దూరం వస్తుంది. 15 కిలోహెర్ట్జ్‌లో అది 84°. దీన్ని పట్టించుకోకుండా తొట్టిలో క్యాలిబ్రేట్ చేస్తే ఆ వంపు మొత్తం క్యాలిబ్రేషన్ పట్టికలోకి దూరుతుంది. తొట్టిలో అద్భుతంగా ఉండి, బయట నీటిలోకి దిగగానే బీమ్ చెడిపోతుంది.

క్యాలిబ్రేషన్ ఇలా చేయండి. అర్రేని బ్రాడ్‌సైడ్‌గా పెట్టండి. 15 కిలోహెర్ట్జ్‌లో 10 సైకిళ్ల పల్స్ పంపండి, 0.67 మిల్లీసెకను. నీటి పై తలం నుంచి, అడుగు నుంచి వచ్చే ప్రతిధ్వని దారి మీ తొట్టిలో 5 మీ., నేరు దారి 3 మీ., తేడా 1.33 మిల్లీసెకన్లు. గోడలవి ఇంకా ఆలస్యంగా వస్తాయి. కాబట్టి నేరుగా వచ్చిన పల్స్ మొత్తం శుభ్రంగా దొరుకుతుంది. పల్స్ మొదటి మూడు నాలుగు సైకిళ్లు వదిలేసి, స్థిరపడిన భాగంలోనే ఫేజ్ కొలవండి. పల్స్‌కీ పల్స్‌కీ మధ్య తొట్టి మోత పూర్తిగా చల్లారనివ్వండి, అర సెకనుతో మొదలుపెట్టి చూడండి. 100 పల్స్‌లు సగటు చేస్తే గోల పవర్ 20 డీబీ తగ్గుతుంది. కొలిచిన ఫేజ్‌లోంచి, టేపుతో కొలిచిన నిజ దూరాల వల్ల రావాల్సిన ఫేజ్ తీసేయండి. మిగిలినదే చానెల్ దిద్దుబాటు.

తర్వాత అర్రేని 20° తిప్పి మళ్లీ కొలవండి. ఇది చాలామంది ఎగ్గొట్టే మెట్టు. దిద్దుబాటు అలాగే ఉంటే లోపం ఎలక్ట్రానిక్స్‌ది, పట్టిక నమ్మొచ్చు. కోణంతో పాటు మారితే లోపం స్థానాలదో, ఫ్రేమ్ నుంచి చెదిరే ధ్వనిదో. ఆ పట్టిక పనికిరాదు. 2 మి.మీ. స్థానం తప్పు 15 కిలోహెర్ట్జ్‌లో 7° దాకా తెస్తుందని గుర్తుంచుకోండి.

తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఈ పద్ధతి మీ తొట్టిలో నడవదు. 2 కిలోహెర్ట్జ్‌లో 1.33 మిల్లీసెకన్లంటే 2.7 సైకిళ్లే, సోర్స్ స్థిరపడేలోపే ప్రతిధ్వని వచ్చి పడుతుంది. 6 కిలోహెర్ట్జ్ పైన కొలిచి, అందులోంచి డిలేని, పోలారిటీని తేల్చి, కిందికి ఆ డిలేనే వాడండి. ప్రీయాంప్‌ల తక్కువ ఫ్రీక్వెన్సీ ఫేజ్ తేడాల కోసం ఇన్‌పుట్‌లో కరెంటు సిగ్నల్ ఇచ్చి విడిగా కొలవండి. హై పాస్ కెపాసిటర్ల టాలరెన్స్ అక్కడే బయటపడుతుంది.

ఆ పీవీసీ పైపు మాత్రం తీసేయండి. మూతలు బిగించారంటే లోపల గాలి. నీటిలో గాలి నిండిన గొట్టం మెత్తటి తలం, తగిలిన ధ్వనిని తలకిందులు చేసి వెనక్కి పంపుతుంది. 1 సెం.మీ. ఎడంలో ఉన్న హైడ్రోఫోన్‌కి అటూ ఇటూ 2 సెం.మీ. అదనపు దారి, 2 కిలోహెర్ట్జ్‌లో 10° కూడా కాదు. అంటే వచ్చిన ధ్వనీ, దాని తలకిందుల నకలూ దాదాపు కొట్టేసుకుంటాయి. సమతల గోడ అనుకుంటే 15 డీబీ దాకా నష్టం. గొట్టానికి లెక్క అంత కచ్చితంగా రాదు గానీ జరిగేది అదే. కనీసం పైపు నిండా రంధ్రాలు పెట్టి నీళ్లు నిండనివ్వండి. అసలైతే సన్నటి కడ్డీల ఫ్రేమ్ మంచిది.

ఇంకొకటి, చిన్నదే కానీ రోజంతా తినేస్తుంది. పొడి హైడ్రోఫోన్‌ని నీటిలో దించగానే దాని ఒంటి మీద సన్నటి బుడగలు అంటుకుంటాయి. కంటికి వెండి పొరలా కనిపిస్తాయి. అవి ఉన్నంతసేపు సెన్సిటివిటీ, ఫేజ్ రెండూ తప్పే, అవి విడిపోయే కొద్దీ రీడింగ్ జరుగుతూ ఉంటుంది. దించేముందు గిన్నెలు తోమే ద్రవం పలచగా కలిపిన నీళ్లతో తుడవండి, నీటిలో ఒకసారి వేలితో రాయండి, కనీసం అరగంట ఆగి అప్పుడు కొలవండి.

కొత్తచెవి16

మీరన్నట్టే 7వ హైడ్రోఫోన్ 180°. కనెక్టర్‌లో రెండు తీగలు మారాయి. బుడగలూ ఉన్నాయి, మేం వాటిని ఎప్పుడూ చూసుకోలేదు. రాడ్ ఫ్రేమ్ తయారవుతోంది. ఎమ్‌వీడీఆర్ గురించి ఎవరైనా చెప్పగలరా? 25° గుట్ట ఇంకా అలాగే ఉంది.

విలోమం

ముందు 25° గుట్ట, ఎందుకంటే ఎమ్‌వీడీఆర్ జబ్బుకీ దానికీ చుట్టరికం ఉంది.

వరస అర్రేకి ఎడమ కుడి, పైన కింద తేడా తెలియదు. అది కొలిచేది తన అక్షం చుట్టూ ఉండే శంకువు కోణం. ఏటవాలుగా పైనుంచో కిందనుంచో వచ్చే ధ్వనికి అర్రే చూసే సైన్, అడ్డ కోణపు సైన్‌ని ఎత్తు కోణపు కొసైన్‌తో గుణించినంత. మీ తొట్టిలో నీటి తలం నుంచి వచ్చే ప్రతిధ్వని అడ్డంగా 3 మీ., నిలువుగా 4 మీ. ప్రయాణిస్తుంది, 53° ఎత్తు కోణం, కొసైన్ 0.6. సైన్ 45° 0.707, 0.6తో గుణిస్తే 0.424. అంటే 25°. అదే మీ గుట్ట. అడుగు నుంచి వచ్చేది కూడా సరిగ్గా అక్కడే, సరిగ్గా అదే సమయానికి పడుతుంది, ఎందుకంటే రెంటినీ నడిమి లోతులో పెట్టారు. తలం నుంచి వచ్చేది తలకిందులై వస్తుంది, అడుగుది అలా కాదు, కాబట్టి రెండూ కొంత కొట్టుకుపోయి గుట్ట చిన్నగా కనిపిస్తోంది. సోర్స్‌ని 30 సెం.మీ. కిందికి దించండి. గుట్ట ఎత్తు ఫ్రీక్వెన్సీని బట్టి పైకీ కిందికీ ఊగితే అనుమానం తీరినట్టే. లోతు తక్కువ నీటిలో అసలు పనికి దిగినప్పుడు కూడా ఇదే జరుగుతుంది: 60° దగ్గరి లక్ష్యం 30° ఎత్తు కోణంలో వచ్చే దారి వల్ల 49° దగ్గర ఇంకో గీత గీస్తుంది.

ఇప్పుడు ఎమ్‌వీడీఆర్. 1969లో కేపన్ ప్రతిపాదించిన ఈ పద్ధతి చేసే పని ఒక్కటే: చూస్తున్న దిక్కు గెయిన్ 1 దగ్గర కట్టేసి, మిగతా పవర్ అంతా తగ్గించడం. చూస్తున్న దిక్కు అంటే మీరు దానికి ఇచ్చిన స్టీరింగ్ వెక్టర్, అంటే ఆ దిక్కు ధ్వనికి చానెళ్లలో రావాల్సిన ఫేజ్‌లు. నిజమైన తరంగం ఆ వెక్టర్‌తో సరిపోకపోతే, ఒక చానెల్ 180° తిరిగినా, వంపు 84° ఉన్నా, దాని కంటికి సోర్స్ ఒక శత్రువు, దాని మీద నల్ (గెయిన్ సున్నా) పెడుతుంది. సోర్స్ ఎంత గట్టిగా ఉంటే అంత శ్రద్ధగా పెడుతుంది. మీ గుంట అదే. మామూలు బీమ్‌ఫార్మర్ మీ తప్పుల్ని భరించింది, ఇది భరించదు.

రెండో కారణం 25° గుట్టే. అది సోర్స్‌కి నకలు, కోహెరెంట్, అంటే రెంటి ఫేజ్ సంబంధం మారదు. ఎమ్‌వీడీఆర్ 45° వైపు గెయిన్ 1 ఉంచి, 25° వైపు గెయిన్‌ని రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా సర్దుతుంది. నియమం తప్పలేదు, సిగ్నల్ మాత్రం మాయం.

మూడోది స్నాప్‌షాట్లు. ఎమ్‌వీడీఆర్ వెయిట్లు చానెళ్ల మధ్య సంబంధాల మాత్రిక విలోమం నుంచి వస్తాయి. 16 చానెళ్లకి 20 స్నాప్‌షాట్లంటే ఆ మాత్రికకి విలోమం ఏదో వస్తుంది గానీ నమ్మదగ్గది కాదు. రీడ్, మాలెట్, బ్రెనన్ 1974లో చూపించిన లెక్క ప్రకారం సగటు నష్టం 3 డీబీలోపు ఉండాలంటే చానెళ్లకి రెట్టింపు, అంటే 32 కావాలి. అది కూడా మాత్రిక కట్టే డేటాలో సిగ్నల్ లేనప్పటి మాట. మీకు సిగ్నల్ అందులోనే ఉంటుంది. 64 తీసుకోండి. సగం ఓవర్‌ల్యాప్‌లో 1024 బ్లాక్ 5.33 మిల్లీసెకన్లకొకటి, 64కి 0.34 సెకను. ఆ వ్యవధిలో లక్ష్యం బీమ్ దాటిపోదు.

చేయాల్సింది ఇదీ. ప్రతి బిన్‌కి సొంత 16×16 మాత్రిక కట్టండి, మీ బ్యాండ్‌కి అవి సుమారు 192. బిన్‌ల మధ్య మాత్రికలు కలపొద్దు, స్టీరింగ్ వెక్టర్ వేరు. క్యాలిబ్రేషన్ దిద్దుబాటు మాత్రిక కట్టకముందే డేటాకి వేయండి. డయాగోనల్ లోడింగ్ (మాత్రిక వికర్ణానికి కలిపే అంకె) ఎంత అన్నదానికి చాలామంది మొత్తం ట్రేస్‌లో ఇంత శాతం అని పెడతారు. గట్టి సోర్స్ వస్తే ఆ లోడింగ్ ఉబ్బిపోయి ఎమ్‌వీడీఆర్ కాస్తా మామూలు బీమ్‌ఫార్మర్ అవుతుంది. చిన్న ఐగెన్ విలువల సగటు తీసుకోండి, అదే గోల మట్టం. దానికి 10 డీబీ పైన లోడింగ్ పెట్టి మొదలుపెట్టండి. తర్వాత ప్రతి బీమ్‌కీ వెయిట్ల పరిమాణాల వర్గాల మొత్తం చూడండి. దాని విలోమమే వైట్ నాయిస్ గెయిన్ (చానెళ్ల విడివిడి గోల మీద గెయిన్). 16 హైడ్రోఫోన్లకి గరిష్ఠం 12 డీబీ. అది 6 కన్నా కిందికి జారుతుంటే ఆ బిన్‌లో, ఆ బీమ్‌లో లోడింగ్ పెంచండి. 2, 3 కిలోహెర్ట్జ్‌లో ఇది తప్పక జరుగుతుంది. అక్కడ ఎడం తరంగదైర్ఘ్యంలో పదో వంతుకి మించదు కాబట్టి వెయిట్లు పక్కపక్కనే ప్లస్, మైనస్ పెద్ద అంకెలై కూర్చుంటాయి. ప్రీయాంప్ గోల కొండంత అవుతుంది.

కోహెరెంట్ నకలుకి మందు స్పేషియల్ స్మూతింగ్. 16ని పన్నెండేసి హైడ్రోఫోన్ల అయిదు ముక్కలుగా, ఒక్కొక్క స్థానం జరుపుతూ తీసుకుని, అయిదు 12×12 మాత్రికల సగటు తీయండి. ముందు వెనక సగటు కూడా కలపండి. చెల్లించే ధర, 75 సెం.మీ. అర్రే 55 అవుతుంది. ఎడాలు సమానంగా, చానెళ్లు ఒకేలా ఉంటేనే పని చేస్తుంది, అందుకే క్యాలిబ్రేషన్ ముందు.

కోడ్‌లో ఒక చోట చూసుకోండి. మాట్‌ల్యాబ్‌లో కొట్టు గుర్తు (') కాంజుగేట్ కూడా చేస్తుంది, చుక్కతో ఉన్న కొట్టు (.') చేయదు. నమ్‌పైలో టీ (.T) అనేది ఊరికే అడ్డం నిలువు మారుస్తుంది, కాంజుగేట్ మీరే చేయాలి. మాత్రిక వికర్ణం మీద కల్పిత భాగం సున్నా కాకపోతే మీరు ఈ గుంటలో పడ్డట్టే. స్టీరింగ్‌లో గుర్తు తారుమారైతే మాత్రం వికర్ణం బాగానే ఉంటుంది, 45° సోర్స్ −45° దగ్గర కనిపిస్తుంది.

సగంలామ్డా

విలోమం గారు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే ఒక మాట. రాడ్ ఫ్రేమ్ కొత్తగా చేస్తున్నారు కదా, సమాన ఎడం దగ్గరే ఆగిపోకండి. ఈ 16 హైడ్రోఫోన్లకి 2 కిలోహెర్ట్జ్‌లో బీమ్ 49° వెడల్పు, 15లో 6.3°. కింద దిక్కు తెలియనట్టే. నెస్టెడ్‌గా పెట్టొచ్చు: 3.75 సెం.మీ.ని ఒక మెట్టు అనుకుంటే 0 నుంచి 7 దాకా ప్రతి మెట్టుకీ ఒకటి, తర్వాత 8, 10, 12, 14, ఆ పైన 16, 20, 24, 28. మొత్తం 16. ఎడం మెట్టు, రెండు మెట్లు, నాలుగు మెట్లుగా ఎనిమిదేసి హైడ్రోఫోన్ల మూడు అర్రేలు వస్తాయి. 10 నుంచి 20, 5 నుంచి 10, 2.5 నుంచి 5 కిలోహెర్ట్జ్. గ్రేటింగ్ లోబ్ ఏ కోణంలోనూ లేదు, బీమ్ ప్రతి ఆక్టేవ్‌లోనూ (రెట్టింపు ఫ్రీక్వెన్సీ దాకా ఉండే బ్యాండ్) పైన 12.7°, కింద దాని రెట్టింపు. మొత్తం పొడవు 105 సెం.మీ.

విలోమం

లెక్క సరే. కానీ ఒక్కో బ్యాండ్‌లో 16కి బదులు 8 వాడుతున్నారు, విడివిడి గోల మీద గెయిన్ 12 డీబీ నుంచి 9కి పడింది. 15లో 6.3° ఉన్న బీమ్ సుమారు 17° అయింది. స్మూతింగ్‌కి ఎనిమిదిలోంచి ఆరేసి తీస్తే మూడు ముక్కలే మిగులుతాయి. పై బ్యాండ్‌లో రెండు దగ్గరి సోర్స్‌లని విడదీయడమే అవసరమైతే ఇది నష్టం. తక్కువ ఫ్రీక్వెన్సీలో దిక్కు తెలియడం అవసరమైతే మాత్రం మీ అమరికే మేలు. పైగా అక్కడ 16 సమాన ఎడపు అర్రే అన్ని దిక్కుల సముద్రపు గోల మీద ఇచ్చేది 3.3 డీబీయే, కాబట్టి పోయేదేమీ లేదు. ఇంకొకటి, మూడు అర్రేల మధ్య బిందువులు మూడు చోట్ల పడతాయి. ఆక్టేవ్‌ల అవుట్‌పుట్‌లు కలిపి వినాలనుకుంటే ఆ తేడాకి డిలే దిద్దుకోవాలి, పవర్ మాత్రమే గీయాలంటే అక్కర్లేదు.

తొట్టికాపరి

ఏ అమరికైనా ఫ్రేమ్‌లో ఒక టెంపరేచర్ సెన్సర్‌కి చోటు ఉంచండి. 25° మంచినీళ్లలో వేగం 1497, మీ 1500 సరిపోయింది. అదే ఉష్ణోగ్రతలో సముద్రపు నీళ్లయితే 1534. కోడ్‌లో 1500 అలాగే వదిలేస్తే 0° దగ్గర ఏ తేడా తెలియదు, 60° లక్ష్యం మాత్రం 58° దగ్గర కూర్చుంటుంది. అందుకని బయట నీటిలో మొదటి పరీక్ష ఎప్పుడూ తెలిసిన సోర్స్‌ని బ్రాడ్‌సైడ్‌లో కాకుండా 60° దగ్గర పెట్టి చేయండి.